ఎదురుగాలి ఎవరి ఖాతాలో

అమెరికా హైవేల మీద వేసవి రోజుల్లో తరచూ కనిపించే వాహనం ఒకటుంది. ముందు భాగం మామూలు పికప్ ట్రక్కు. వెనక సామాను తొట్టిలో ఓ చిన్న ఇల్లు కూర్చుని ఉంటుంది. ఆ ఇంట్లో పొయ్యి, నీళ్ల ట్యాంకు, మడత బల్ల అన్నీ ఉంటాయి. పడక మాత్రం డ్రైవరు క్యాబిన్ కప్పు మీదుగా చూరులా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. దీన్నే ట్రక్ క్యాంపర్ అంటారు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆ పడకగది ముందు గోడ గాలికి నిలువునా అడ్డం నిలుస్తుంది. అందుకే చాలామంది యజమానులు క్యాంపర్ కొన్నాక విడిగా ఓ విండ్ డిఫ్లెక్టర్ బిగించుకుంటారు. అది క్యాబిన్ కప్పు మీద వాలుగా నిలిపిన పలక కావచ్చు, పడకగది ముక్కుకు తగిలించిన గుండ్రటి తొడుగు కావచ్చు. వేల డాలర్లు పోసి కొన్న ఇంటికి తయారీదారు ఇవ్వని ముక్కును యజమాని ఎందుకు అతికించుకోవలసి వస్తోంది? ఈ ఇళ్లు కట్టడం మొదలైన కాలానికి గాలి సంగతి ఎవరికీ అంతగా తెలియదనేది చప్పున తోచే జవాబు. లారీల చరిత్ర, క్యాంపర్ల చరిత్ర పక్కపక్కన పెట్టి చూస్తే ఆ జవాబు నిలవదు. తెలివి ముందే ఉంది, ఆ తెలివిని వాడవలసిన బాధ్యత మాత్రం ముక్కలైపోయింది. బండి చేసేవాడొకడు, పైన పెట్టె కట్టేవాడు మరొకడు, ఇంధనం డబ్బు కట్టేవాడు ఇంకొకడు. డిఫ్లెక్టర్ ఈ ముగ్గురి మధ్య ఖాళీలో పుట్టిందని నా వాదన.

ముందు తెలివి సంగతి చూద్దాం. జెప్పెలిన్ ఎయిర్‌షిప్పుల కంపెనీలో పనిచేసిన పాల్ యారాయ్ 1920లలోనే కార్లకు గాలిని చీల్చుకుపోయే రూపం ఇచ్చి పేటెంట్లు తీసుకున్నాడు. క్రైస్లర్ కంపెనీ 1934లో ఎయిర్‌ఫ్లో కారును సంతకు తెచ్చింది. కొనేవాళ్లకు దాని ముఖం నచ్చలేదు, 1937తో దాని తయారీ ఆగిపోయింది. భారీ బండ్లలోనూ ప్రయత్నాలు జరిగాయి. టెక్సాకో చమురు కంపెనీ 1930లలో నున్నటి ఒంపులు తిరిగిన ట్యాంకర్లను తిప్పింది. కెనడాలో లబాట్ బీరు కంపెనీ కోసం అలెక్సిస్ డి సఖ్నోఫ్‌స్కీ అనే డిజైనర్ ట్రాక్టరు, ట్రైలరు ఒకే గీతలో కలిసిపోయేలా లారీలు మలిచాడు. రోడ్డు మీద నడిచే ఇళ్ల విషయం ఇంకా స్పష్టం. లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ విమానం నిర్మాణాన్ని పర్యవేక్షించిన హాలీ బౌలస్, 1934లో అల్యూమినియం రేకుతో రోడ్ చీఫ్ అనే ట్రైలర్ ఇల్లు చేశాడు. వాలీ బయమ్ 1936లో తెచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ ఆ దారిలోదే. అంటే క్యాంపర్లు రోడ్డెక్కడానికి చాలా ముందే, ఇల్లు కూడా గాలికి అనువుగా ఉండవచ్చని అమెరికన్లు తమ కళ్లతో చూశారు. ఈ ఉదాహరణల్లో చాలావాటికి ఒక పోలిక ఉంది. లబాట్ లారీ అయినా, టెక్సాకో ట్యాంకర్ అయినా, ఎయిర్‌స్ట్రీమ్ అయినా మొత్తం రూపం మీద ఒకే చెయ్యి పనిచేసింది. బండి ఎక్కడ ముగిసి పెట్టె ఎక్కడ మొదలవుతుందో తేల్చవలసిన పంచాయితీ అక్కడ లేదు.

ఇంతకంటే బలమైన సాక్ష్యం జర్మనీలో దొరుకుతుంది. ఫోక్స్‌వాగన్ కంపెనీ యుద్ధం తర్వాత ఓ సామాను వ్యాన్ చేయాలనుకుంది. తొలి నమూనా ముఖం దాదాపు బల్లపరుపుగా ఉండేది. బ్రౌన్‌ష్వైగ్ సాంకేతిక విశ్వవిద్యాలయం విండ్ టన్నెల్‌లో దాన్ని పరీక్షిస్తే గాలి నిరోధ గుణకం 0.75 వచ్చింది. అద్దాన్ని మధ్యలో విరిచి, ముందు భాగాన్ని, కప్పు అంచును కాస్త ముక్కుగా మలిచేసరికి అది 0.44కు దిగింది. 1950లో ఉత్పత్తిలోకి వచ్చిన ఆ వ్యాన్ కూడా పెట్టే. లోపల సామానుకు చోటేమీ పెద్దగా తగ్గలేదు. ముందు అంచులు గుండ్రబడ్డాయి, అంతే. మరుసటి ఏడాదినుంచే వెస్ట్‌ఫాలియా సంస్థ దాని లోపల పడక, అల్మరా అమర్చి క్యాంపర్‌గా మార్చడం మొదలుపెట్టింది. అక్కడ ఇల్లు బండి లోపలే ఇమిడింది కాబట్టి ముక్కు గురించి విడిగా ఆలోచించే అవసరం రాలేదు. ఫోక్స్‌వాగన్‌కు ఈ శ్రద్ధ ఇంజన్ బలహీనత వల్ల వచ్చిందని ఎవరైనా అనవచ్చు. నిజమే, అది 25 హార్స్‌పవర్ ఇంజన్. గాలితో పోట్లాడే ఓపిక దానికి లేదు. అమెరికా వీ-8 ఇంజన్లు గోడను కూడా ఈడ్చుకుపోగలవు. ఆ బలం గాలి ఖర్చును కంటికి కనబడకుండా చేసిందే తప్ప తగ్గించలేదు. పైగా ఖర్చు భరించేవాడే రూపాన్ని తేల్చేవాడైతే ఏమవుతుందో కూడా ఈ కథ చెబుతోంది. బలం లేని ఇంజన్ వల్ల బండి అమ్ముడుపోకపోతే నష్టం ఫోక్స్‌వాగన్‌దే. అందుకే గాలి లెక్క ఆ కంపెనీ బల్ల మీదికి వచ్చింది.

ఇక అమెరికా సరుకు లారీ. అక్కడ ఇంజనున్న ట్రాక్టరు ఒకరిది, వెనక ట్రైలరు ఇంకొకరిది కావడం మామూలు. ట్రాక్టరు చేసే కంపెనీ ట్రైలరు చేయదు. పైగా చాలా రాష్ట్రాలు లారీ మొత్తం పొడవుకు హద్దు పెట్టాయి. పొడవు కట్టడిలో ఉన్నప్పుడు ముక్కు పొడవు పెంచితే సరుకు చోటు తగ్గుతుంది. అందుకే ఇంజన్ మీద క్యాబిన్ కూర్చోబెట్టిన, ముఖం బల్లపరుపుగా ఉండే లారీలు రోడ్లను ఏలాయి. వెనక ట్రైలరు క్యాబిన్‌కంటే ఎత్తుగా ఉండేది. క్యాబిన్ మీదుగా వచ్చిన గాలి ఆ ఎత్తు గోడకు కొట్టుకునేది. ఈ నష్టం ఎంతో తెలియక కాదు. ట్రైల్‌మొబైల్ కంపెనీ తరఫున మేరీలాండ్ విశ్వవిద్యాలయం 1953లోనే విండ్ టన్నెల్‌లో లారీ నమూనాలు పెట్టి కొలిచింది. కొలతలు కాగితం మీదికి వచ్చాయి, లారీలు మాత్రం మారలేదు. 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ హైవేలు పరుచుకోవడం మొదలై వేగాలు పెరిగినా అదే తీరు. వేగం రెట్టింపైతే ఎదురుగాలి బలం నాలుగు రెట్లవుతుంది, దాన్ని నెట్టుకుపోవడానికి ఇంజన్ పెట్టవలసిన శక్తి ఎనిమిది రెట్లు. ఊరి రోడ్ల మీద పట్టించుకోనక్కర్లేని గోడ హైవే మీద పెద్ద ఖర్చు. ఆ ఖర్చు ట్రాక్టరు కంపెనీకి గానీ ట్రైలరు కంపెనీకి గానీ తగల్లేదు.

ఈ పరిస్థితిలో వాల్టర్ సెల్డన్ సాండర్స్ ఓ పలకతో ముందుకొచ్చాడు. 1966లో అతనికి పేటెంట్ వచ్చింది. క్యాబిన్ కప్పు మీద వెడల్పాటి పలకను వెనక్కు వాలేలా నిలిపాడు. అంతకుముందు ఈ రంగంలో ఆలోచించినవాళ్లు చాలావరకు క్యాబిన్‌నుంచి ట్రైలర్ దాకా ఉన్న ఖాళీని పూడ్చి, మొత్తాన్ని నున్నగా చేయాలని చూశారు. సాండర్స్ పలక నున్నదనం కోసం చేసింది కాదు. గాలి దాని పై అంచు దగ్గర తెగి, ఖాళీ మీదుగా ఎగిరి, ట్రైలర్ కప్పు మొదట్లో మళ్లీ దిగుతుంది. ఎత్తు గోడ ఆ గాలి నీడలో దాక్కుంటుంది. నునుపు లేని రెండు మొద్దు వస్తువులను సరైన దూరంలో ఒకదాని వెనక ఒకటి నిలిపితే రెండింటి మీదా కలిపి పడే నిరోధం బాగా తగ్గిపోతుందని తర్వాత కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో అనతోల్ రోష్కో బృందం ప్రయోగాలతో వివరించింది. రడ్కిన్-వైలీ కంపెనీ ఈ పలకను ఎయిర్‌షీల్డ్ పేరుతో అమ్మింది. నన్ను ఆకట్టుకునేది ఆ పలకను ఎక్కడ, ఎలా పెట్టారన్న సంగతి. ట్రాక్టరు రూపం మార్చే అధికారం గానీ, ట్రైలరు రూపం మార్చే అధికారం గానీ బయటివాడికి లేదు. రెంటి మధ్య ఖాళీ ఎవరిదీ కాదు కాబట్టి అక్కడ మాత్రమే కొత్త వస్తువుకు చోటుంది. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా నాలుగు బోల్టులతో బిగించి, అవసరం తీరితే విప్పేసే వస్తువుగా అది రావడానికి కారణం ఇదే అనుకుంటాను. ఇది మరీ తేలికైన ఉపాయమని ఎవరైనా అంటే, అమెరికా కోర్టుల్లో దానికి జవాబుంది. ఇందులో కొత్తదనం లేదని, పేటెంట్ చెల్లదని యునిరాయల్ కంపెనీ దావా వేసింది. కింది కోర్టు ఆ మాటే నిజమంది. పేటెంట్ వ్యాజ్యాలు వినే ఫెడరల్ అప్పీలు కోర్టు 1988లో ఆ తీర్పును తిరగ్గొట్టి, సాండర్స్ ఊహ పాత జ్ఞానంలోంచి తేలిగ్గా రాలేదంటూ పేటెంట్‌ను నిలబెట్టింది.

పలక వచ్చిందే గానీ ఊరూరా పాకడానికి మరికొన్నేళ్లు పట్టింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు బిగబట్టాయి, కొద్ది నెలల్లో ధర దాదాపు నాలుగింతలైంది. 1974 జనవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో దేశమంతటా గంటకు 55 మైళ్లు, అంటే 88 కిలోమీటర్ల వేగ పరిమితి వచ్చింది. ఆ రోజుల్లోనే కాలిఫోర్నియా ఎడారిలోని నాసా విమాన పరిశోధనా కేంద్రంలో ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ లారీల మీద దృష్టి పెట్టాడు. సైకిలు మీద పనికి పోతుంటే పక్కనుంచి దూసుకెళ్లే లారీలు తోసి, మళ్లీ లాగే గాలి అతన్ని ఈ పనికి పురికొల్పింది. అతని బృందం పాత డెలివరీ వ్యాన్ ఒకదానికి చుట్టూ అల్యూమినియం రేకులు కొట్టి, అన్ని మూలలూ సరిగ్గా 90 డిగ్రీలు ఉండేలా పెట్టెగా మార్చింది. వేగం అందుకున్నాక బండిని దొర్లనిచ్చి, అది ఎంతసేపట్లో మందగిస్తుందో కొలిచారు. తర్వాత మూలలు ఒక్కొక్కటే గుండ్రం చేస్తూ పోయారు. నిలువు మూలలు గుండ్రం చేస్తేనే నిరోధం 40 శాతం తగ్గింది. అడ్డ అంచులూ గుండ్రం చేసేసరికి 54 శాతం తగ్గింది. లోపలి చోటు పోయింది మూడు శాతమే. విమానాల కేంద్రంలో విమానమేమీ కాని ఓ డబ్బా మీద జరిగిన ఈ పనికి నా మనసులో చాలా గౌరవం ఉంది. పదునైన అంచును కొద్దిగా అరగదీస్తే చాలునని, గాలికోసం ఇంటిని చేప ఆకారంలోకి మార్చనక్కర్లేదని ఆ అంకెలు ఎవరికైనా అర్థమయ్యేలా చూపించాయి.

ఇక్కడ నా వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరాన్ని దాటవేయకూడదు. ఇదంతా పెట్రోలు, డీజిలు ధర కథే కదా, ధర తక్కువున్నన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు, ధర పెరగ్గానే పలకలు వచ్చాయి, మధ్యలో బాధ్యత ముక్కలవడం ఎందుకు అంటారు కొందరు. ధర ప్రభావాన్ని నేను కాదనను. డిఫ్లెక్టర్లు ఎప్పుడు వ్యాపించాయో చెప్పాలంటే 1973 లేకుండా కుదరదు. అయితే ధర ‘ఎప్పుడు’ అన్నదానికి జవాబిస్తుంది గానీ ‘ఎలా’ అన్నదానికి ఇవ్వలేదు. ఎయిర్‌స్ట్రీమ్, ఫోక్స్‌వాగన్ వ్యాన్ కూడా చమురు చౌకగా ఉన్న కాలంలోనే వచ్చాయి, వాటి ముక్కులు గుండ్రంగానే వచ్చాయి. ధర పెరిగాక కూడా లారీకి మార్పు ఫ్యాక్టరీ గీసిన కొత్త రూపంగా ముందు రాలేదు, విడిగా కొని బిగించుకునే పలకగా వచ్చింది. ఫ్యాక్టరీ రూపం మారడానికి మరో పదేళ్లకు పైగా పట్టింది. అది కూడా 1982 చట్టం ప్రధాన హైవేల మీద లారీ మొత్తం పొడవుకు రాష్ట్రాలు పెట్టిన హద్దును తీసేసి, ట్రైలర్ పొడవునే లెక్కలోకి తీసుకున్న తర్వాత. ముక్కు పొడవు పెంచినా సరుకు చోటు తగ్గని రోజు వచ్చాక, 1985లో కెన్‌వర్త్ కంపెనీ వాలు ముక్కుతో టీ600 లారీని తెచ్చింది. డ్రైవర్లు దానికి చీమలు తినే జంతువు పేరు పెట్టి నవ్వారు. తర్వాత మిగతా కంపెనీలు ఆ దారే పట్టాయి. కప్పు మీది పలక మెల్లగా క్యాబిన్‌లో కలిసిపోయి, పక్కలు కూడా మూసిన గుండ్రటి తలకట్టుగా మారింది. 1985నాటికి చమురు ధర దిగుముఖంలో ఉందన్న సంగతి మరిచిపోకూడదు. రూపాన్ని మార్చింది ధరొక్కటే అయితే ఈ మార్పు 1974లోనే రావాలి.

ఇప్పుడు క్యాంపర్ దగ్గరకు వద్దాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పికప్ ట్రక్కులు పొలాలనుంచి ఇళ్లకూ విహారాలకూ చేరాయి. తొట్టిలో పెట్టి దించుకోగల ఇళ్లు కట్టే చిన్న చిన్న కార్ఖానాలు కాలిఫోర్నియాలో, ఇండియానాలో, మిచిగన్‌లో వెలిశాయి. రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో దేశం చుట్టి రావడానికి ఎంచుకున్నది ఇలాంటి బండినే. ట్రక్కు జనరల్ మోటార్స్‌ది, మీది ఇల్లు మరో కంపెనీ కట్టింది. ఈ ఏర్పాటులోని సుఖం అందులోనే ఉంది. ఇంటిని దించేస్తే మర్నాడు అదే ట్రక్కు పనికి పోతుంది. తొట్టి పొడవు మాత్రం మామూలుగా ఎనిమిది అడుగులే. అందులో పొయ్యి, బల్ల, అల్మరా పోగా మనిషి కాళ్లు చాపుకునే చోటు మిగలదు. పడకను క్యాబిన్ మీదికి నెట్టడం దీనికి దొరికిన తెలివైన పరిష్కారం. ఆ నెట్టుడుతోనే ముఖం మీద నిలువు గోడ పుట్టింది. రోడ్డు గతుకులకు ట్రక్కు చట్రం మెలి తిరుగుతుంది, క్యాబిన్ ఒక తీరుగా ఊగితే తొట్టి మరో తీరుగా ఊగుతుంది. అందుకని క్యాబిన్ కప్పుకూ పడకగది అడుగుకూ మధ్య కొన్ని అంగుళాల సందు వదలాలి. ట్రక్కు అద్దం వాలు మీదుగా పైకి లేచిన గాలి సూటిగా ఆ సందులోకి, పడకగది అడుగు భాగానికి కొడుతుంది. రెండు కంపెనీల గీతలు కలవవలసిన చోటు సరిగ్గా ఇదే. అమెరికా ప్రభుత్వం 1970ల ఆరంభంలో ఈ రెండు కంపెనీలను మాట్లాడుకునేలా చేసింది కూడా. క్యాంపర్ చేసేవాళ్లు దాని బరువు ఎంతో చీటీ అంటించాలి. ట్రక్కు చేసేవాళ్లు ఎంత బరువు మోయగలదో, ఆ బరువు కేంద్రం ఎక్కడినుంచి ఎక్కడి మధ్య ఉండాలో చెప్పాలి. బరువు తప్పితే బండి బోల్తా పడుతుంది, మనుషులు పోతారు, కాబట్టి ఆ నియమం వచ్చింది. గాలి మనుషులను చంపదు, జేబులోంచి మెల్లగా తీసుకుంటుంది, కాబట్టి అది ఏ చీటీలోకీ ఎక్కలేదు.

లారీ మీద పలక ఫలించిందని విని క్యాంపర్ యజమానులు అదే పలకను తమ క్యాబిన్ మీద పెట్టుకోవడం సహజం. ఇక్కడ కొంత నిరాశ ఎదురవడం కూడా సహజమే. దాని కారణం తెలియాలి. సాండర్స్ పలక పనిచేసేది ట్రాక్టరుకూ ట్రైలరుకూ మధ్య ఖాళీ ఉన్నప్పుడు. అంచు దగ్గర తెగిన గాలి ఎగిరి దిగడానికి దూరం కావాలి. క్యాంపర్‌లో పడకగది క్యాబిన్ నెత్తినే కూర్చుంటుంది. ముందు గోడ చాలాసార్లు అద్దం పై అంచుదాకా వస్తుంది. గాలి ఎగరడానికి దూరమేదీ? అలాంటప్పుడు పలక చేయగలిగింది వేరు. కప్పు మీద చీలికలా అమర్చిన డిఫ్లెక్టర్, పైకి లేచే గాలిని ఆ సందులోకి పోనీకుండా ముక్కు ముందునుంచి దాటిస్తుంది. పడకగదిని కిందనుంచి ఎత్తే బలం తగ్గుతుంది, హోరు తగ్గుతుంది, పురుగులు గోడకు కొట్టుకుని ఎండిపోవడం తగ్గుతుంది. ఇంధనంలో పెద్ద ఆదా మాత్రం ముక్కు అంచులు గుండ్రంగా ఉన్నప్పుడే వస్తుందని నాసా డబ్బా కొలతలనుంచి, ఫోక్స్‌వాగన్ ముఖంనుంచి తేలుతుంది. ఆ గుండ్రదనం తర్వాత అతికించేది కాకుండా పుట్టుకతోనే రావాలి. ఎందుకంటే అతికించడంలోనే ఇంకో చిక్కుంది. డిఫ్లెక్టర్‌ను ట్రక్కు కప్పుకు బిగిస్తే రేకుకు రంధ్రాలు పడతాయి. క్యాంపర్ ముందు గోడకు బిగిస్తే స్క్రూలు కర్రచట్రంలోకి దిగుతాయి. వానతో వచ్చే ఎదురుగాలి నీటిని నేరుగా ఆ రంధ్రాల మీదికే తోస్తుంది. కర్ర చట్రం మీద రేకు కప్పిన ఇళ్లకు లోపల చేరిన తడే అన్నిటికంటే పెద్ద శత్రువు. గాలి ఖర్చు తప్పించుకోబోయి గోడ కుళ్లబెట్టుకునే ప్రమాదాన్ని యజమాని ఒక్కడే మోయాలి.

చదును గోడ చౌక, గుండ్రటి ముక్కు ఖరీదు, అందుకే కంపెనీలు పెట్టెలు కట్టాయి, ఇందులో బాధ్యత తగాదా ఏముంది అనవచ్చు. ఈ అభ్యంతరంలో సగం నిజం ఉంది. కర్ర చట్రం, చదును రేకు, సూటి కోతలు చిన్న కార్ఖానాకు తక్కువ పెట్టుబడితో కుదిరే పని. ఒంపు కావాలంటే అచ్చు కావాలి, అచ్చుకు డబ్బు కావాలి. కెనడాలోని బిగ్‌ఫుట్ లాంటి సంస్థలు ఫైబర్‌గ్లాస్‌ను అచ్చులో పోసి, మూలలు గుండ్రంగా ఉన్న క్యాంపర్లు చేసి ఇది అసాధ్యం కాదని చూపించాయి. వేరే దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. 1950లలో అలాస్కా హైవే మీద తిరిగొచ్చిన డాన్ హాల్, ప్రయాణంలో పై సగం కిందికి దిగిపోయే గట్టి గోడల క్యాంపర్ చేశాడు. గాలికి అడ్డుపడే గోడే లేకుండా చేయడం అతని పద్ధతి. అంటే మార్గాలు తెలుసు, చేసి చూపినవాళ్లున్నారు. అయినా సంతలో ఎక్కువమంది కొన్నది చదును ముఖమే ఎందుకైందంటే, అచ్చు ఖర్చు కొనే రోజున ధరలో కనిపిస్తుంది, గాలి ఖర్చు తర్వాత ఇరవై ఏళ్లపాటు ఎక్కడా రాసి ఉండదు. మోపు బరువుతో కలిపి 8,500 పౌండ్లు దాటే పికప్పులకు ఇంధన వినియోగం అంకె ఉన్న చీటీ అంటించనక్కర్లేదని అమెరికా నియమం. పెద్ద క్యాంపర్ మోయగలిగేవి ఆ బండ్లే. తూచి చూసుకోవడానికి కొనేవాడికి ఒక్క అంకె కూడా అందనప్పుడు, చౌకను ఎంచుకున్నాడని అతన్ని తప్పుపట్టలేను.

చట్టం కూడా ఈ విభజనను ఎంత గట్టిగా పట్టుకుందో ఇటీవలి లారీ చరిత్రలో కనబడుతుంది. ట్రైలర్ పక్కల కింద వేలాడే గాలి తెరలు ఇంధనం ఆదా చేస్తాయని చాలాకాలంగా తెలుసు. ట్రైలర్ యజమాని చాలాసార్లు డీజిలు కొనడు కాబట్టి అవి మందకొడిగా వచ్చాయి. కాలిఫోర్నియా 2008 డిసెంబరులో 53 అడుగుల పెట్టె ట్రైలర్లకు గాలి ఉపకరణాలు తప్పనిసరి చేస్తూ నియమం తెచ్చాకే వాటి వాడకం ఊపందుకుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2016లో దేశమంతటికీ ఇలాంటి నియమం పెట్టబోతే, 2021 నవంబరులో వాషింగ్టన్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ట్రైలర్‌కు తనంతట తాను కదిలే ఇంజన్ లేదు, కాబట్టి చట్టం దృష్టిలో అది మోటారు వాహనం కాదని తీర్పు. గాలి మాత్రం ట్రాక్టరునూ ట్రైలరునూ ఒకే వస్తువుగా ఢీకొంటుంది. ట్రక్ క్యాంపర్‌దీ ఇదే స్థితి. చాలా రాష్ట్రాల్లో దానికి విడిగా నంబరు పలక కూడా ఉండదు, పికప్ మోస్తున్న సరుకు కింద లెక్క. సరుకు రూపం ఎలా ఉండాలో ఎవరు నియమం రాస్తారు?

మన లారీలకు ఈ కథతో బంధుత్వం ఉంది. ఫ్యాక్టరీనుంచి చాసిస్ కొనుక్కుని, బాడీ వేరేచోట కట్టించుకోవడం మనకు దశాబ్దాల అలవాటు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఆ పని తరతరాలుగా నడుస్తోంది. చాసిస్ ఒకరిది, బాడీ ఇంకొకరిది, డీజిలు ఖర్చు యజమానిది అన్న ముక్కలాట మనకూ వర్తిస్తుంది. అయినా డిఫ్లెక్టర్ మన దగ్గర ఆలస్యంగా కనిపించడం వింత కాదు. గుంటల రోడ్ల మీద, టోల్ గేట్ల మధ్య లారీ సగటు వేగం తక్కువ, కొత్త రవాణా వాహనాలకు 2015 అక్టోబరునుంచి 80 కిలోమీటర్ల వేగ నియంత్రకం ఉంది. ఆ వేగాల్లో గాలికంటే బరువే పెద్ద ఖర్చు. నాలుగు వరసల రోడ్ల మీద గంటల తరబడి ఒకే వేగంతో పోయే కంటైనర్ లారీల సంగతి వేరు. పలక వాటికి పనికొస్తుంది. అందుచేత అమెరికాలో చేశారు గనక మనమూ ప్రతి లారీకీ బిగించాలనడం నా ఉద్దేశం కాదు. గాలి లెక్క వేగాన్నిబట్టి, ఆ వేగం ఎంతసేపు నిలుస్తుందన్నదాన్నిబట్టి తేలాలి.

చివరి అభ్యంతరం క్యాంపర్ స్వభావంలోనే ఉంది. అది ట్రక్కుకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. ఈ ట్రక్కు పాతబడితే అదే ఇల్లు కొత్త ట్రక్కు మీదికెక్కుతుంది, కొత్త ట్రక్కు క్యాబిన్ ఎత్తు వేరు, అద్దం వాలు వేరు. ఇన్ని రకాల క్యాబిన్లకు కుదిరే రూపం ముందే గీయమంటే ఎలా అని క్యాంపర్ కంపెనీలు అడగవచ్చు. అడగదగ్గ ప్రశ్నే. క్యాబిన్‌తో కలిసి పనిచేసే డిఫ్లెక్టర్ విషయంలో అది కాదనలేని ఇబ్బంది. అందుకే ఆ పలక ఇప్పటికీ యజమాని చేతి కొలతల మీదే ఆధారపడుతోంది, ట్రక్కు మారినప్పుడల్లా విప్పి మళ్లీ బిగించాలి. ముందు గోడ అంచుల గుండ్రదనానికి మాత్రం కింద ఏ క్యాబిన్ ఉందన్నదానితో పెద్ద పని లేదు. అది ఇల్లు కట్టేవాడి చేతిలోనే ఉంది. బరువు కోసం యాభై ఏళ్లుగా అంటిస్తున్న ఆ చీటీలోనే ముందు గోడ ఎత్తు, వెడల్పు, అంచు గుండ్రదనం అన్న మూడు కొలతలు కూడా రాయమంటే, రెండు క్యాంపర్లను పక్కపక్కన పెట్టి చూసుకునే వీలు కొనేవాడికి దొరుకుతుంది. వాటిని కొలవడానికి టేపు చాలు.